సామ్రాజ్యమ్మ గారు కొయ్యని మందారం

మా మావయ్య పెంచిన మందారపు మొక్కను చంపింది సామ్రాజ్యమ్మ గారు కాదు. నేను. ఈ మాట చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఆ తర్వాత చెప్పడానికి వీలైన రోజులు బోలెడు వచ్చాయి, పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, ఆసుపత్రి వరండాల్లో, పని లేక కూర్చున్న మధ్యాహ్నాల్లో. వచ్చిన ప్రతిసారీ ఏదో గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయాను. నా చిన్ననాటి సంగతులు ఇదివరకు కొన్ని రాశాను. నందిగామలో మావయ్య ఇంట్లో గడిపిన రోజుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పేజీ వదిలేసి, చందర్లపాడు పక్కన మా ఊరి మిరప కళ్ళాల గురించో, జగ్గయ్యపేటలో నా పురుగుమందుల కొట్టు గురించో మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి కుర్చీలోంచి లేవకుండా రాయాలనుకున్నాను. ఇంతవరకు రాయడానికే రెండుసార్లు లేచాను.

మావయ్య ఈ మధ్యే పోయారు. పెద్దకర్మ రోజున నందిగామలో ఇంటి ముందు షామియానా వేసి భోజనాలు పెట్టారు. రెండో బంతి సగంలో ఉండగా బూరెల పళ్ళెం ఖాళీ అయింది. వడ్డిస్తున్న మావయ్య మనవరాలు లోపలికి చూసి, "ఇటువైపు సామ్రాజ్యమ్మ పూజ అయిపోయింది, ఇంకో పళ్ళెం తెండి!" అని కేకేసింది. నలుగురు నవ్వారు. మా ఇళ్ళల్లో అది మామూలు మాట. దేన్నైనా అడుగంటా ఊడ్చేస్తే సామ్రాజ్యమ్మ పూజ. మంగలి కత్తెర కాస్త ఎక్కువ ఆడిస్తే, తలకి సామ్రాజ్యమ్మ పూజ చేయించుకొచ్చావా అంటారు. ఆ బంతిలో చివర కూర్చున్న ముసలావిడ చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేసింది. "ఎవరమ్మా సామ్రాజ్యమ్మ?" అని అడిగింది ఆ పిల్లని. "ఏమో మామ్మగారూ, ఎవరూ కాదు. మేం అలా అంటాం అంతే" అంది పిల్ల, ఇంకో బూరె వడ్డిస్తూ. ముసలావిడ సరేనన్నట్టు తలూపి ముద్ద మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆవిడే సామ్రాజ్యమ్మ గారు. మావయ్య పోయారని తెలిసి జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చింది. ఆవిడకి ఎదురుగా నేను మంచినీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడు కూడా నోరు తెరవలేదు. పక్క బంతికి నీళ్ళు పొయ్యడానికి వెళ్ళిపోయాను.

మావయ్యకి నందిగామ బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. కొట్టంటే మనిషి ఒదిగి కూర్చునేంత అద్దాల పెట్టె. కంటికి నల్లటి భూతద్దం బిగించుకుని, సన్నటి పట్టకారుతో గడియారం పొట్టలోంచి చక్రాలు తీస్తూ ఉండేవారు. ఆయన వేళ్ళకి ఎప్పుడూ పెట్రోలు వాసన. చక్రాలు కడగడానికి వాడే ఆ పెట్రోలు ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. అన్నం కలుపుకుంటుంటే అత్తయ్య ముక్కు చిట్లించి, "ఇవ్వాళ పప్పులో ఎవరి గడియారం కలిపారండీ?" అనేది. ఆయన నవ్వి ఇంకో ముద్ద కలుపుకునేవారు. అసలు ఏ విషయంలోనూ ఆయనకి తొందర ఉండేది కాదు. గడియారం ఎప్పుడిస్తారని అడిగితే "అది నడిచినప్పుడు" అనేవారు. నాకేమో అన్నీ తొందరే. ఇంటర్మీడియట్‌లో లెక్కలు తప్పాను. ఊళ్ళో నాన్న ఎదుట పడలేక, సెప్టెంబరు పరీక్షకి చదువుకుంటానని మావయ్య ఇంటికి వచ్చి పడ్డాను. ఆ సెప్టెంబరులోనూ తప్పి, ఇంకో ఏడాది అక్కడే ఉండిపోయాను. పుస్తకం తెరిచిన కాసేపటికే కాళ్ళు లాగేవి. వీధిలోకి వెళ్ళేవాణ్ణి, బస్టాండు దాకా నడిచి వచ్చేవాణ్ణి, మళ్ళీ పుస్తకం తెరిచేవాణ్ణి. నన్ను చూసి అత్తయ్య, "వీడి కాళ్ళకి కీ ఇచ్చింది మీరేనా?" అని మావయ్యని అడిగేది.

ఇంటి వెనక పెరట్లో మావయ్యకి ఇంకో పని ఉండేది. మందారాలు. అందరిళ్ళలో ఉన్నట్టు ఎర్ర రేక మందారం, ముద్ద మందారం, గోడ వారగా తెల్లది ఉండేవి. అవి కాక కడియం నర్సరీల వైపు నుంచి ఎవరో తెచ్చిచ్చిన పసుపు మందారం ఒకటి కుండీలో ఉండేది. మామూలు మందారం పొద్దున విచ్చుకుంటే సాయంత్రానికి ముడుచుకుపోతుంది. ఆ పసుపుది రెండో రోజు పొద్దుటిదాకా ఉండేది. కానీ నందిగామ ఎండకి ఆ మొక్క ఏ వేసవికావేసవి చావు బతుకుల్లో పడేది. మన ఎండని తట్టుకునే మొక్క కావాలి, దాని పువ్వు రెండో రోజు కూడా వాడకూడదు, ఇదీ ఆయన పట్టుదల. అందుకోసం కొట్టు తెరవడానికి ముందు, పువ్వులు బాగా విచ్చుకున్నాక, భూతద్దం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళేవారు. తెల్ల మందారం మధ్య కాడకి అంటుకుని ఉండే పుప్పొడిని పట్టకారుతో తీసి, పసుపు మందారం కాడ చివర ఉండే ఐదు ఎర్ర చుక్కల మీద అద్దేవారు. అద్దిన పువ్వు తొడిమకి అత్తయ్య కుట్టుపెట్టెలోంచి తెచ్చిన దారం కట్టేవారు. ఏ రంగు దారమంటే ఏ మొక్క పుప్పొడో ఆయనకి గుర్తు. చాలా పువ్వులు తర్వాత పసుపెక్కి రాలిపోయేవి. ఎప్పుడో ఒకటి నిలిచి కాయయ్యేది. కాయ ఎండి పగిలే సమయానికి గింజలు నేల పాలు కాకుండా దానికి చిన్న గుడ్డ కట్టేవారు. ఆ గింజల్ని బ్లేడుతో కాస్త గీరి, నానబెట్టి, ఖాళీ పాల కవర్లలో వేసేవారు. మొలిచిన మొక్క పూయడానికి ఏడాది, ఇంకా ఎక్కువే పట్టేది. ఒకే కాయలో గింజలైనా ఒక మొక్క పువ్వులా ఇంకోటి ఉండేది కాదు. తీరా చూస్తే ఏ ప్రత్యేకతా లేని గులాబీ రంగు పువ్వు. ఆయన దాన్ని కాసేపు చూసి, "పోనీలే, ఇది కూడా పువ్వే" అని ఎవరికో ఇచ్చేసేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఏడాదంతా నీళ్ళు పోసింది ఇందుకా అని.

పూల విషయంలో ఆ రెండిళ్ళకి ఒక పద్ధతి ఉండేది. మావయ్య వాళ్ళకీ పక్కనున్న సామ్రాజ్యమ్మ గారికీ మధ్య నడుమెత్తు గోడ. ఆవిడ పెరట్లో పెద్ద నందివర్ధనం చెట్టు, ఇటు మందారాలు. పొద్దున ఎవరు ముందు లేస్తే వాళ్ళు రెండు పెరళ్ళ పూలూ కోసి, సగం తాము ఉంచుకుని, సగం ఇత్తడి పళ్ళెంలో గోడ మీద పెట్టాలి. పళ్ళెంలో తెల్లవీ ఎర్రవీ సమానంగా ఉండాలి. ముందు లేచేది ఎప్పుడూ ఆవిడే. నందివర్ధనం పైకొమ్మలు అందక, కొక్కెం కట్టిన వెదురు దోటితో వాటిని వంచి కోసేది. మేం లేచి మొహం కడుక్కునే వేళకి గోడ మీద పళ్ళెం, దాని మీద తడిగుడ్డ సిద్ధంగా ఉండేవి. ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ఎవరూ థాంక్స్ చెప్పేవాళ్ళు కాదు. మావయ్య మొదటిసారి దారాలు కట్టినప్పుడు ఆవిడ గోడ మీద మోచేతులు ఆనించి అడిగింది, "ఏంటి అన్నయ్యగారూ, పువ్వులకి మొలతాడు కడుతున్నారు?" అని.

"పెళ్ళి చేశాను చెల్లెమ్మా. దారం ఉన్న పిల్ల జోలికి మాత్రం రాకు" అన్నారు మావయ్య.

"పెళ్ళైన పిల్లని నేనెందుకు ముట్టుకుంటా! దేవుడు కూడా ఒప్పుకోడు."

అన్నట్టే ఆ తర్వాత దారం కట్టిన పువ్వుని ఆవిడ ఒక్కసారి కూడా కొయ్యలేదు. ఈ సంగతి నాకు తెలుసు. పొద్దున్నే చదువు పేరుతో పెరట్లో తిరిగేది నేనే కాబట్టి, నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నేను వచ్చాక వచ్చిన వేసవి చివర్లో, గోడ పక్కన నేలలో నాటిన మొక్క ఒకటి మొగ్గ తొడిగింది. ఎండలకి అది వాడిపోలేదు. పువ్వు విచ్చుకున్న రోజు మావయ్య కొట్టు తెరవడం మానేశారు. నాకు తెలిసి అదొక్కసారే. కాచని వెన్న రంగు రేకలు, గొంతులో దానిమ్మ గింజ ఎరుపు. సాయంత్రం అయింది, ముడుచుకోలేదు. పొద్దున్నే లేచి చూస్తే అలాగే ఉంది. మావయ్య స్టూలు తెచ్చుకుని దాని ముందు కూర్చున్నారు. భూతద్దం పెట్టుకున్నారు, తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. "ఒరేయ్ ప్రసాదూ, నడిచిందిరా" అన్నారు, బాగుపడిన గడియారం గురించి చెప్పినట్టే. రెండో పువ్వు కోసి సామ్రాజ్యమ్మ గారికిచ్చారు. మర్నాడు ఆవిడ గోడ దగ్గరికి వచ్చి, "వదినా! నిన్నటి పువ్వు! దేవుడి దగ్గర ఇంకా కళ్ళు తెరుచుకునే ఉంది!" అని సొంత బిడ్డ గురించి చెప్పుకున్నట్టు చెప్పింది. శ్రావణ శుక్రవారం వ్రతానికి ఆ మొక్క పువ్వు ఒక్కటి ఇప్పించమని అత్తయ్యని అడిగింది కూడా. ఆ అడగడమే తర్వాత ఆవిడ మెడకి చుట్టుకుంది.

మొక్క ఒక్కటే ఉంది. దాని గింజలు వేస్తే మళ్ళీ అదే పువ్వు రాదు. కాబట్టి దాని కొమ్మల్ని నాటు ఎర్ర మందారం మీద అంటుకట్టాలి. ఎప్పుడు కడదామని నేను రోజూ అడిగేవాణ్ణి. "కొమ్మ ముదరలేదురా. వానలు పోనీ, కార్తీకంలో చూద్దాం." ఊరికే పుల్ల గుచ్చితే సరిపోదా అంటే, "దీనికి వేళ్ళు రావు నాన్నా. నాటుదైతే వస్తుంది" అన్నారు. ఆ మాట విన్నాను, నమ్మలేదు. ఆయన నిదానానికి అదొక సాకు అనుకున్నాను. నేను వెళ్ళే ట్యుటోరియల్‌లో నలుగురికీ ఆ పువ్వు గురించి గొప్పలు చెప్పి, అందరికీ తలో మొక్క ఇస్తానని మాట కూడా ఇచ్చేశాను.

శ్రావణంలో మైలవరంలో పెళ్ళికని మావయ్య, అత్తయ్య వెళ్ళారు. పెళ్ళి, వ్రతం అన్నీ అక్కడే చూసుకుని వారం దాటాక వస్తామన్నారు. పరీక్ష దగ్గర పడుతోందని నన్ను ఇంట్లో వదిలారు. గుమ్మం దాటుతూ మావయ్య, "దానికి నీళ్ళు కూడా పొయ్యకు, వాన చాలు. నువ్వు చదువుకో" అన్నారు. మర్నాడు ముసురు పట్టింది. అలాంటి ముసురు పట్టిందంటే మా వైపు వీధి వీధంతా మందారపు పుల్లలు గుచ్చుతారు. ఎదురింటివాళ్ళు గుచ్చుతున్నారు, ఆ పక్కవాళ్ళు గుచ్చుతున్నారు. లెక్కల పుస్తకం ముందు నేనెలా కూర్చుంటాను? వాళ్ళు తిరిగొచ్చేసరికి పెరట్లో వరసగా చిగురించిన మొక్కలు నిలబడి ఉండటం, మావయ్య ముఖం, ఈ కబురు విని నాన్న ముఖం, అన్నీ కళ్ళ ముందు కనిపించాయి. మావయ్య కత్తి తీసుకుని మొక్క కొమ్మలన్నీ కోసేశాను. మొగ్గలున్నవి కూడా. వాలుగా కోసి, మట్టిలో గుచ్చి, వాటి మొదళ్ళలో, మిగిలిన మోడు మొదట్లో బలానికని పచ్చి పేడ కూడా వేశాను. రెండు మూడు రోజులు ఆకులు పచ్చగా ఉంటే నేనే గెలిచాననుకున్నాను. తర్వాత ఒక్కో పుల్లా కింద నుంచి నల్లబడింది. లాగి చూస్తే తొక్క ఊడి చేతికి వచ్చింది. పేడ వేడికీ ముసురుకీ మోడు కూడా మెత్తబడిపోయింది. పుల్లలన్నీ పీకి, పేడంతా ఎత్తి, ఊరి చివర తుమ్మ కంపల్లో పారేశాను.

ఇంతవరకు రాసింది తప్పు చేసిన కుర్రాడి కథ. ఇక్కడ ఆపేస్తే నా మీద జాలి కూడా వేస్తుంది. ఆపను. వాళ్ళు వచ్చే రోజు పొద్దున మోడు దగ్గర కూర్చుని, కత్తి కోతలున్న చోటల్లా చేత్తో చీల్చాను. తొక్క కిందికి లాగి వేలాడేలా చేశాను. ఎవరైనా చూస్తే పెళుక్కున విరిగినట్టు కనిపించాలని. కోత చూసి చెయ్యెవరిదో చెప్పగల మనిషి మావయ్య అని నాకు తెలుసు కాబట్టే ఆ పని చేశాను. అంటే, అడిగితే ఎవరి పేరు వస్తుందో కూడా నాకప్పటికే తెలుసన్నమాట.

అత్తయ్య సంచులు దించకుండానే పెరట్లోకి వచ్చింది. మోడు చూసి, గోడ చూసి, నా వైపు తిరిగింది. "శుక్రవారం పూలెవరు కోశార్రా?"

"పిన్నిగారే" అన్నాను. అది నిజమే. మిగిలిన రోజులు ముసురుకి పూలకి రాకపోయినా, ఒంటరిగా ఉన్న నాకోసం కూడా ఆ శుక్రవారం గోడ మీద పళ్ళెం పెట్టింది. పళ్ళెంలో పూలతో పాటు పూర్ణం బూరెలు, తాలింపు శనగలు ఉన్నాయి. అవి తిన్న నోటితోనే చెప్పాను.

"దోటితో లాగిందా?"

తల కిందికి దించాను. మావయ్య మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం పెట్టుకుని చీలికల్ని చాలాసేపు చూశారు. "లాగితే విరిగినట్టే ఉందే" అన్నారు. అది ఆయన మాట కాదు, నేను రాత్రంతా ఆలోచించి పెట్టిన మాట. ఆయన చేత అనిపించాను.

మర్నాడు పొద్దున గోడ దగ్గర గొడవైంది. "దారం కట్టిన పువ్వునే ముట్టనిదాన్ని, మొక్క విరుస్తానా వదినా? నేనలాంటి పని చేస్తే నా చేతులు విరిగిపోవూ!" అంది సామ్రాజ్యమ్మ గారు.

"నీ చేతులకేం, బానే ఉన్నాయి. విరిగింది మొక్కే" అంది అత్తయ్య. ఇత్తడి పళ్ళెం గోడ అవతలికి జరిపేసింది. ఆ రోజు నుంచి గోడ మీద ఏమీ లేదు. కొన్నాళ్ళకి వాళ్ళాయనకి జగ్గయ్యపేటలో పత్తి జిన్నింగు మిల్లులో పని దొరికి ఇల్లు ఖాళీ చేశారు. వెళ్ళేముందు చెప్పడానికి కూడా రాలేదు. మావయ్య మాత్రం అదే తెల్లదాన్నీ అదే పసుపుదాన్నీ కలిపి మళ్ళీ మళ్ళీ దారాలు కట్టారు. అదే చెయ్యి, అదే పట్టకారు, అవే మొక్కలు. కాయలు వచ్చాయి, మొక్కలు వచ్చాయి, పువ్వులూ వచ్చాయి. అది మాత్రం రాలేదు. కళ్ళు మసకబారి పట్టకారు వణికేదాకా చూసి మానేశారు.

"సామ్రాజ్యమ్మ పూజ" అన్న మాట మొదట ఎవరన్నారో గుర్తులేదని రాయబోయి ఆగాను. గుర్తుంది. నేనే. మరుసటి ఏడాది మా ఊళ్ళో ఏదో భోజనంలో ఆవకాయ జాడీ అడుగంటితే అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. అందరూ నవ్వే కథని మళ్ళీ ఎవరూ విప్పి చూడరు. ఆ ధైర్యంతో ఇంకోసారి అన్నాను. తర్వాత నేను అనక్కర్లేకుండా అదే తిరిగింది.

ఇప్పుడు జగ్గయ్యపేటలో నా కొట్టుకి వచ్చే రైతులందరికీ అప్పటి నా తొందరే. మందు కొడితే రేపటికి పురుగు రాలాలి, ఎల్లుండికి పూత రావాలి. పుల్ల ముంచి నాటితే వేళ్ళు తెప్పించే పొడి డబ్బాలు నా షెల్ఫులోనే ఉంటాయి. చిల్లకల్లు దగ్గర హైవే పక్కన కుండీలు పరిచి అమ్మేవాళ్ళ దగ్గర రెండు మూడు రోజులుండే మందారాలు ఎన్ని రంగులవి కావాలంటే అన్ని దొరుకుతున్నాయి. మొన్న బండి ఆపి చూశాను. వెన్న రంగుకి దగ్గరగా ఉన్నది ఒకటుంది. ఇదెవరు తయారు చేశారని అడిగితే ఆ అబ్బాయి నన్ను వింతగా చూసి, "లోడ్ వస్తదండి" అన్నాడు. కారులోంచి దిగినవాళ్ళు కొనుక్కుని వెళ్తున్నారు. ఎవరినీ తప్పు పట్టను, అందంగానే ఉన్నాయి. కానీ వాటి వెనక స్టూలు వేసుకుని కూర్చున్న మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. మావయ్య పువ్వైతే అసలు మిగలనే లేదు. దాన్ని చూసినవాళ్ళం నలుగురం. ఇప్పుడు ముగ్గురం. అందులో ఒకరి మీద నేను వేసిన నింద.

సామ్రాజ్యమ్మ గారి ఇల్లు నా కొట్టుకి నాలుగు వీధుల అవతలే. ఇన్నేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉన్నాం. బజార్లో ఆవిడ ఎదురైతే, "బాగున్నారా పిన్నిగారూ" అని అడిగి, జవాబు వినకుండా దాటిపోయేవాణ్ణి. పెద్దకర్మ అయ్యాక చాలా రోజులు నిద్ర సరిగా పట్టలేదు. కొట్లో ఒకరికివ్వాల్సిన మందు ఇంకొకరికి ఇచ్చాను. చివరికి ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చేటలో మినుములు ఏరుతోంది.

"రావయ్యా ప్రసాదూ. నీకంటే ముందు నీ కొట్టు వాసన వచ్చింది. కూర్చో."

కూర్చుంటే మళ్ళీ వేరే మాటల్లోకి పోతానని నిలబడే చెప్పాను. కోసింది, నాటింది, చీల్చింది, తల దించుకుంది, ఆ మాట పుట్టించింది. చెప్తున్నంతసేపూ ఆవిడ మినుములు ఏరుతూనే ఉంది. చివర్లో చెయ్యి ఆగింది.

"ఆ శుక్రవారం చీకట్లో నందివర్ధనం కొమ్మ లాగుతుంటే ఏదో పుటుక్కుమందయ్యా. మీ అత్తయ్య గొడవ పెట్టుకున్నప్పుడు కాదనే చెప్పా. ఇంటికొచ్చాక ఆ చప్పుడు గుర్తొచ్చింది. అదేనేమో, దోటి అటు పడిందేమో అనుకున్నా. అనుకుని అనుకుని, నేనే అని ఖాయం చేసుకున్నా. అప్పట్నుంచి ఎవరి చెట్టు పువ్వూ కొయ్యలేదు. కొనుక్కోవడమే. నా చెయ్యంటే నాకే నమ్మకం పోయింది."

నేనేదో అనబోయాను. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"అన్నయ్యగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడ్డానికెళ్ళా. ఆయన కాళ్ళు పట్టుకుని, ఆ మొక్క నేనే విరిచానేమో, మనసులో పెట్టుకోకన్నయ్యా అని ఏడ్చా."

"మావయ్య ఏమన్నారు?"

"మొక్కేగా చెల్లెమ్మా, పోనీలే అన్నారు." ఆవిడ నా ముఖంలోకి చూసింది. "నువ్వు చెప్పుకోవాల్సింది నేను చెప్పుకున్నానన్నమాట. ఆయన పోయేదాకా ఆగావా ప్రసాదూ?"

"ఆగాను పిన్నిగారూ."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. పర్లేదులే అంటుందేమోనని కూడా ఆశపడ్డాను. ఆవిడ చీర కుచ్చెళ్ళలో పడ్డ మినుములు దులుపుకుంది. గోడ పట్టుకుని లేచింది. "నా గుమ్మంలో నాకు చెప్తే ఏమొస్తుందయ్యా? నా సంగతి నాకు ఇప్పుడు తెలిసింది, సరే. మీ అత్తయ్యకి తెలియాలి. ఆ బూరెలు వడ్డించిన పిల్లకి తెలియాలి. ఉండు, చీర మార్చుకొస్తా. బస్సెప్పుడుంది?" ఇవ్వాళే వద్దు, ఆదివారం వెళ్దామన్నాను. "ఆదివారం దాకా నువ్వుంటావు సరే, నేనుండాలిగా!" అని లోపలికి వెళ్ళింది.

బస్సులో నా పక్క సీట్లో కూర్చుంది. కిటికీలోంచి గాలి వస్తుంటే కొంగు తల మీదకి లాక్కుని, నేరుగా ముందుకు చూస్తూ కూర్చుంది. నందిగామ వచ్చేదాకా నా కాళ్ళు ఒక చోట నిలవలేదు. ఆవిడ ఒక్కసారి వాటి వైపు చూసి తల తిప్పుకుంది.

అత్తయ్య వరండాలో మంచం మీద ఉంది. మనవరాలు మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. మా ఇద్దర్నీ కలిసి చూసి అత్తయ్య, "ఇదేంట్రా, మీరిద్దరూ ఒక్క బస్సులో దిగారా?" అంది. సామ్రాజ్యమ్మ గారు మంచం పక్కన కుర్చీలో కూర్చుని, పిల్లని పిలిచింది. "ఇటు రామ్మా. ఆ రోజు సామ్రాజ్యమ్మ ఎవరని అడిగా కదూ? నేనే. మీ ప్రసాదు మావయ్య ఏదో చెప్తాడంట, విను." పిల్ల ఫోను కింద పెట్టి, ముఖం ఎర్రబడి, గోడకి ఆనుకుని నిలబడింది.

చెప్పాను. నేల చూస్తూ, చిన్నగా, తడుముకుంటూ చెప్పాను. అత్తయ్య చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని నా పెదాల వైపు చూస్తోంది. మావయ్య పోయే ముందు నుంచే ఆవిడకి వినికిడి బాగా తగ్గిపోయింది.

"ఏంటంటున్నాడే వీడు?" అని అడిగింది సామ్రాజ్యమ్మ గారిని.

అత్తయ్య చెవిలో చెప్పడం ఆవిడకి క్షణం పని. చెప్పలేదు. నా వైపు తిరిగి, "మీ అత్తయ్యకి వినపడలేదయ్యా. గట్టిగా చెప్పు" అంది.

ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఎవరో ఆగి కిందికి చూశారు. నేను అత్తయ్య మంచం దగ్గరికి వెళ్ళి, సామ్రాజ్యమ్మ గారి కుర్చీ ముందు నిలబడి, వీధంతా వినపడేలా అరిచాను.

"మందారం చంపింది నేను అత్తయ్యా! పిన్నిగారు దాన్ని ముట్టుకోలేదు! కోసింది నేను, విరిగినట్టు చీల్చింది నేను, ఆవిడ పేరుతో నవ్వించింది నేను! పిన్నిగారూ, తప్పంతా నాది. నన్ను క్షమించండి!"